అడవి పుట్టగొడుగు తినొచ్చో లేదో తేల్చుకోవడానికి నమ్మదగ్గ పద్ధతి ఏది?

వానచినుకు అడిగిన ప్రశ్న:

చెదపుట్టను ఆనుకుని ఉన్న గడ్డిలో, వానలు పడ్డాక తెల్లటి పుట్టగొడుగులు గుంపుగా లేచాయి. విచ్చుకున్నవాటి వెడల్పు 8 నుంచి 15 సెంటీమీటర్లు. నడుమ లేత గోధుమరంగు, కొన్నింటి మీద అదే రంగు పొలుసులు. గొడుగు అడుగున రేకులు తెల్లగా ఉన్నాయి. కొన్ని కాడల మీద పలచని ఉంగరం లాంటి పొర కనిపిస్తోంది. కొన్నింటిని కాడ మధ్యకు కోసి తెచ్చి గిన్నెలో ఉంచాం, ఇంకా వండలేదు. మిగతావి నేలలోనే ఉన్నాయి.

తినొచ్చా అని అడిగితే తలో మాట చెబుతున్నారు. వెండి చెంచా వేసి ఉడికించినప్పుడు అది నల్లబడకపోతే మంచివని ఒకరు, వెల్లుల్లి రంగు మారకపోతే చాలని ఇంకొకరు. పురుగు తిన్నవైతే మనమూ తినొచ్చట. గొడుగు మీది తోలు తేలిగ్గా ఊడితే విషం లేనట్టేనట. ఎందుకైనా మంచిది, ఒకసారి ఉడికించి ఆ నీళ్లు పారబోసి వండుకోమని కొందరు. చెదపుట్ట దగ్గర మొలిచినవన్నీ తినేవేనని మాత్రం అందరూ అంటున్నారు. ఫోటో చూసి పేరు చెప్పే యాప్ కూడా టెర్మిటోమైసిస్ (చెదపుట్టల దగ్గర మొలిచే, తినే పుట్టగొడుగు) అనే చూపిస్తోంది.

వీటిలో దేన్ని నమ్మొచ్చు? ఇంట్లో చేయగలిగిన పద్ధతి ఉంటే మొదటి నుంచి చెప్పండి. ఎక్కడ అనుమానం వస్తే ఆపేయాలో కూడా కావాలి.

గొడుగులనేల:

ముందు ఆ గిన్నెను వంటింట్లోంచి తీసి పిల్లలకు అందని చోట పెట్టండి. పొరపాటున ఎవరైనా కూరలో కలిపేస్తే తర్వాత ఎన్ని పరీక్షలు చేసినా ఉపయోగం లేదు.

మీరు రాసినవాటిలో ఒక్క పరీక్షా పనిచేయదు. పుట్టగొడుగుల్లో విషం అనేది ఒకే పదార్థం కాదు. అమాటాక్సిన్, ఒరెల్లనిన్, మస్కరిన్, జైరోమిట్రిన్, దేని రసాయనం దానిదే. వీటన్నిటినీ పట్టిచ్చే చెంచా గానీ రెబ్బ గానీ లేదు. వెండి నల్లబడేది గంధకం ఉన్న పదార్థాలు తగిలినప్పుడు. ఉడికించిన కోడిగుడ్డు తగిలినా నల్లబడుతుంది. ప్రాణాలు తీసే అమాటాక్సిన్ మాత్రం వెండిని మార్చదు. వెల్లుల్లి రంగు మారడం దానిలోని పదార్థాల వల్ల, నీటి గుణం వల్ల జరిగేది. పక్కన ఉడుకుతున్న పుట్టగొడుగుతో దానికి సంబంధం లేదు.

పురుగు తిన్నదైతే మంచిదనే మాట మరీ ప్రమాదం. డెత్ క్యాప్ అని పిలిచే అమనైటా ఫాలోయిడిస్‌ను నత్తలు హాయిగా తింటాయి, కొన్ని ఈగల పురుగులు అమాటాక్సిన్ ఉన్న పుట్టగొడుగుల్లోనే పెరిగి పెద్దవవుతాయి. వాటి శరీరం వేరు, మన కాలేయం వేరు. తోలు ఊడటం కూడా అంతే, డెత్ క్యాప్ తోలు చక్కగా ఊడుతుంది. రుచి, వాసన కాపాడతాయనుకోవద్దు. దాన్ని తిని బతికినవాళ్లు రుచిగా ఉందనే చెప్పారు. ముదురు రంగులు ఉంటేనే విషమన్న నమ్మకమూ తప్పే. నిలువెల్లా తెల్లగా ఉండే అమనైటా జాతులు కొన్ని డెత్ క్యాప్ అంత ప్రాణాంతకమైనవి.

ఉడికించి నీళ్లు పారబోయడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో సగం నిజం ఉంది. కొన్ని పుట్టగొడుగుల విషం వేడికి చెడుతుంది లేదా ఆవిరితో పోతుంది. జైరోమిట్రా ఎస్కులెంటాలోని జైరోమిట్రిన్ అలాంటిదే. అదైనా పూర్తిగా పోదు, పైగా ఆ ఆవిరి పీల్చినా విషమే. అమాటాక్సిన్ మాత్రం మరిగించినా, ఎండబెట్టినా, ఫ్రిజ్‌లో గడ్డకట్టించినా చెక్కుచెదరదు. ఏ విషమో తెలియకుండా ఉడికించడం వల్ల ఒరిగేది ఏమీ లేదు.

యాప్ గురించి: దానికి మీరిచ్చిన ఫోటో తప్ప ఇంకేమీ తెలియదు. కాడ మొదలు మట్టిలో ఎలా ఉందో, రేకుల నుంచి పొడిలా రాలే బీజాలు (స్పోర్లు) ఏ రంగో, కోస్తే లోపల ఏముందో దానికి కనిపించదు. తేడా తేలేది సరిగ్గా అక్కడే.

కాబట్టి దారి ఒక్కటే. అది ఏ జాతో పేరుతో సహా గుర్తించాలి, ఆ జాతి తినదగినదని ముందే తెలిసి ఉండాలి. విషం ఉందా లేదా అని వెతకడం కాదు మన పని. ఇది ఫలానాదే అని ప్రతి లక్షణంతోనూ రుజువు చేసుకోవడం. ఒక్క లక్షణం కలవకపోయినా పారేయాలి.

బీజముద్ర:

పద్ధతి నేను రాస్తాను. మొదటి మాట: కాడ మధ్యకు కోసినవాటితో గుర్తింపు పూర్తికాదు. అమనైటా జాతులకు కాడ మొదట్లో ఒక సంచి ఉంటుంది, దాన్ని వాల్వా అంటారు. అది సగం మట్టిలోనే ఉంటుంది. కోసి తెస్తే అతి ముఖ్యమైన ఆధారం నేలలో మిగిలిపోయినట్టే. గొడుగు మీది తెల్లటి పొరముక్కలు వానకు కొట్టుకుపోతాయి, కాబట్టి పైన మచ్చలు లేవని ధైర్యపడకూడదు.

నేలలో ఉన్నవాటిలో లేత మొగ్గ, సగం విచ్చినది, పూర్తిగా విచ్చినది, ఇలా అన్ని వయసులవీ తీసుకోండి. ఒక్కో దాని చుట్టూ నాలుగైదు సెంటీమీటర్లు వదిలి కత్తితో మట్టిని వదులు చేసి, మట్టితో సహా పైకెత్తండి. లాగొద్దు, లాగితే సంచి చిరిగి మట్టిలో ఉండిపోతుంది. నిజంగా టెర్మిటోమైసిస్ అయితే ఇక్కడే ఒక గుర్తు దొరుకుతుంది. పెద్ద జాతులకు కాడ కింద వేరులా సన్నబడుతూ లోతుకు దిగే భాగం ఉంటుంది. అది భూమిలో చెదలు పెంచుకునే శిలీంధ్రపు తుట్టె దాకా పోతుంది, ఒక అడుగుకు మించిన లోతుకు కూడా దిగవచ్చు. తెగిపోకుండా తీయాలంటే ఓపిగ్గా పక్కనుంచి తవ్వాలి. చిన్నవిగా గుంపులు గుంపులుగా వచ్చే టెర్మిటోమైసిస్ మైక్రోకార్పస్‌కు మాత్రం ఈ పొడవాటి వేరు ఉండదు.

ఇంటికి తెచ్చాక ప్రతి వయసులోనూ ఒకదాన్ని నిలువుగా, గొడుగు మధ్యనుంచి కాడ చివరి దాకా రెండుగా చీల్చండి. చూడాల్సినవి ఇవి. రేకులు కాడకు అతుక్కున్నాయా, కాడను తాకకుండా ఆగిపోయాయా, కాడ మీదికి జారాయా? కాడ లోపల బోలుగా ఉందా? కోసిన చోట, నలిపిన చోట రంగు మారుతోందా? ఉంగరం కాడకు అంటుకుని ఉందా, పైకీ కిందికీ జరుగుతోందా? మొదలు సంచిలో ఉందా, ఉబ్బి ఉందా, వేరులా సన్నబడిందా? గొడుగు నడినెత్తి లోపల గట్టిగా కూచిగా ఉందా? టెర్మిటోమైసిస్‌లో చాలా జాతులకు ఆ కూచి భాగం ప్రస్ఫుటంగా ఉంటుంది, మట్టిని చీల్చుకుని రావడానికి అదే ఉపయోగపడుతుంది.

గుండ్రని మొగ్గలను కోయకుండా ఎప్పుడూ నమ్మొద్దు. లోపల గొడుగు, రేకుల ఆకారం గీతగీసినట్టు కనిపిస్తే అది అమనైటా మొగ్గ కావచ్చు. తినే పఫ్‌బాల్ (బంతిలా ఉండే పుట్టగొడుగు) అయితే లోపలంతా ఒకే తెలుపు, ఏ ఆకారమూ ఉండదు. మందమైన తోలు కింద ఊదా నలుపు ముద్ద ఉంటే స్క్లెరోడెర్మా, అదీ విషమే.

ఇక స్పోర్ ప్రింట్, అంటే రాలిన బీజాలు కాగితం మీద వేసే ముద్ర. మీ విషయంలో తీర్పు చెప్పేది ఇదే అనుకుంటున్నాను. బాగా విచ్చుకున్న గొడుగును తీసుకుని కాడను రేకుల అంచుకు సమంగా కోసేయండి. సగం తెల్ల కాగితం, సగం నల్ల కాగితం పక్కపక్కన అతికించి, రెండింటి మీదా సమానంగా పడేలా రేకుల వైపు కిందికి పెట్టి బోర్లించండి. తెల్ల కాగితమే పెడితే తెల్ల బీజాలు కనిపించవు, ఏమీ పడలేదని మోసపోతాం. గొడుగు మీద ఒక నీటిచుక్క వేసి, పైన గిన్నె మూతపెట్టి, గాలి ఆడనిచోట 6 నుంచి 12 గంటలు వదిలేయండి. ఫ్యాన్ కింద పెడితే బీజాలు చెదిరిపోతాయి. తీశాక పగటి వెలుతురులో చూడండి. పలచగా పడితే లేత గులాబీ కూడా తెల్లగానే అనిపిస్తుంది, అందుకే పొడిని బ్లేడు అంచుతో ఒకచోటికి కుప్పగా గీరి రంగు చూడాలి.

రేకుల రంగు, బీజాల రంగు ఒకటి కావు. తెల్ల రేకులున్న లేత గొడుగు ఆకుపచ్చ బీజాలు రాల్చవచ్చు. లేతవి అసలు ఏమీ రాల్చకపోవచ్చు. ప్రింట్ పడకపోతే ఫలితం తేలలేదని అర్థం, మంచిదని కాదు.

మీ వర్ణనకు సరిపోయేవి మూడు గుంపులు. లేత గులాబీ ప్రింట్, కాడను తాకని రేకులు, కింద పొడవాటి వేరు: టెర్మిటోమైసిస్ వైపు మొగ్గు. బూడిద కలిసిన ఆకుపచ్చ ప్రింట్: క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్, విషం. తెల్ల ప్రింట్, మొదట్లో సంచి: అమనైటా అనుకుని అక్కడితో వదిలేయండి. గులాబీ ప్రింట్ ఒక్కటే చాలదు. విషపు ఎంటోలోమాలకూ గులాబీయే, కాకపోతే వాటి రేకులు సాధారణంగా కాడకు అతుక్కుని ఉంటాయి.

అడవిబాట:

చెదపుట్ట దగ్గరివన్నీ తినేవే అన్న మాటకు ఒక సవరణ. పుట్ట మీద పోడాక్సిస్ అనే వేరే శిలీంధ్రం కూడా మొలుస్తుంది, దానికీ టెర్మిటోమైసిస్‌కూ పోలికే లేదు. పుట్ట పక్కన గడ్డి ఉంటే గడ్డిలో మొలిచే క్లోరోఫిల్లమ్ కూడా రావచ్చు. పుట్ట దగ్గర ఉండటం ఒక ఆధారం మాత్రమే. తుట్టె దాకా వేరు దిగి ఉండటం అంతకన్నా బలమైన ఆధారం.

ఉంగరం ఉంది కాబట్టి టెర్మిటోమైసిస్ కాదని తోసేయొద్దు. టెర్మిటోమైసిస్ హైమై లాంటి వాటికి ఉంగరం ఉంటుంది. ఉంగరం ఒక్కటే పట్టుకుని నిర్ణయించేవాళ్లు రెండు వైపులా తప్పుతారు.

ఇంకో మాట. అన్నీ సరిపోయాయనుకున్నా మొదటిసారి చిన్న ముక్క తిని, ఏమీ కాకపోతే మర్నాడు మిగతాది వండుకోవడం మేలు.

విషవైద్యం:

అడవిబాట గారూ, చివరి వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎవరైనా పాటిస్తే ప్రాణం పోవచ్చు, అందుకే వెంటనే రాస్తున్నాను. కొంచెం తిని చూడటం పుట్టగొడుగును గుర్తించే పద్ధతి కాదు. జాతి నూటికి నూరుపాళ్లు తేలిన తర్వాత, అది ఆ మనిషి ఒంటికి పడుతుందో లేదో చూడటానికి మాత్రమే అది పనికొస్తుంది. అమాటాక్సిన్ విషయంలో అసలు పనికిరాదు.

లెక్క చూడండి. అమాటాక్సిన్ ప్రాణాంతక మోతాదు కిలో బరువుకు సుమారు 0.1 మిల్లీగ్రాము. 70 కిలోల మనిషికి 7 మిల్లీగ్రాములు. ఒక్క డెత్ క్యాప్‌లోనే అంత ఉండగలదు. పిల్లలకు చిన్న ముక్కే ఎక్కువ. తిన్నాక 6 నుంచి 12 గంటల దాకా, కొన్నిసార్లు 24 గంటల దాకా ఏ బాధా తెలియదు. ఆ తర్వాత విపరీతమైన వాంతులు, నీళ్ల విరేచనాలు ఒక రోజు పాటు. తర్వాత అవి తగ్గుతాయి, మనిషి తేరుకున్నట్టు కనిపిస్తాడు. ఇంటికి పంపేసేది, ఆసుపత్రికి వెళ్లడం మానేసేది ఈ దశలోనే. లోపల మాత్రం కాలేయం దెబ్బతింటూనే ఉంటుంది. అమాటాక్సిన్లలో ముఖ్యమైన అమానిటిన్ కణాల్లో ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ 2 అనే ఎంజైమును ఆపేస్తుంది, కొత్త ప్రొటీన్ల తయారీ నిలిచి కణాలు చనిపోతాయి. పైత్యరసంతో పేగులోకి వచ్చి మళ్లీ రక్తంలోకి చేరి తిరిగి కాలేయాన్నే కొడుతుంది. మూడో రోజు నుంచి కామెర్లు, రక్తం గడ్డకట్టకపోవడం, స్పృహ తప్పడం మొదలవుతాయి. కొందరికి కాలేయ మార్పిడి తప్ప దారి ఉండదు.

కార్టినారియస్ ఒరెల్లానస్ అనే పుట్టగొడుగు విషం ఇంకా ఆలస్యం. దానిలోని ఒరెల్లనిన్ మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, లక్షణాలు రెండు మూడు రోజుల నుంచి రెండు మూడు వారాల తర్వాత బయటపడతాయి. దాహం, నడుము పక్కల నొప్పి, మూత్రం తగ్గిపోవడం. అప్పటికి ఏం తిన్నామో కూడా గుర్తుండదు. మర్నాటి దాకా చూద్దాం అనే నియమం ఇక్కడ ఏం చేస్తుంది?

త్వరగా కనిపించే విషాలూ ఉన్నాయి. క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ తిన్న ఒకటి నుంచి మూడు గంటల్లో తీవ్రమైన వాంతులు, కడుపునొప్పి, ఒక్కోసారి రక్త విరేచనాలు తెస్తుంది. పెద్దవాళ్లు చాలావరకు కోలుకుంటారు. పిల్లలు, ముసలివాళ్లు ఒంట్లో నీరు పోయి ప్రమాదంలో పడతారు. మస్కరిన్ ఉన్న ఇనోసైబి జాతులు తింటే రెండు గంటల లోపే చెమటలు, చొంగ, కన్నీళ్లు, గుండె వేగం తగ్గడం. దానికి అట్రోపిన్ విరుగుడు.

ఆరు గంటల లోపే వాంతులయ్యాయి కాబట్టి ప్రాణాపాయం లేదని తేల్చుకోకూడదు. ఒకే కూరలో రెండు రకాలు పడి ఉంటే, మొదటిది త్వరగా బయటపడి రెండోదాన్ని కప్పేస్తుంది.

వానచినుకు:

అందరికీ కృతజ్ఞతలు. గిన్నెలోవి పక్కన పెట్టేశాం. బీజముద్ర గారు చెప్పినట్టు నేలలోవి తవ్వి తీసి, బాగా విచ్చిన ఐదు గొడుగులను విడివిడిగా రాత్రంతా ప్రింట్‌కు పెట్టాం. మూడింటికి లేత గులాబీ, కుప్పగా గీరితే స్పష్టంగా తెలుస్తోంది. ఆ మూడింటికీ కింద పొడవాటి వేరు ఉంది, రేకులు కాడను తాకడం లేదు. మిగతా రెండూ బూడిద కలిసిన పాచి ఆకుపచ్చ! వాటి మొదలు కొంచెం ఉబ్బి ఉంది, వేరు లేదు, ఉంగరం వేలితో జరిపితే జరుగుతోంది. పైనుంచి చూస్తే ఐదూ ఒకటే అనిపించాయి. ఇప్పుడు గులాబీవి వండుకోవచ్చా? కోసి తెచ్చినవాటిలో రెండూ కలిసే ఉంటాయి కదా, వేరు చేయడం కుదురుతుందా?

గొడుగులనేల:

ఆకుపచ్చ ప్రింట్ ఇచ్చిన రెండూ క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ అనడానికి మీరు రాసిన ఆధారాలన్నీ కలుస్తున్నాయి: గడ్డి, పొలుసులు, జరిగే ఉంగరం, సంచి లేని ఉబ్బిన మొదలు, ఆకుపచ్చ బీజాలు. ఇలాంటి గొడుగు ఆకారంలో పాచి ఆకుపచ్చ ప్రింట్ ఇచ్చేవి చాలా అరుదు, అందుకే ఇది ఇంత గట్టి గుర్తు. దీని రేకులు లేతగా ఉన్నప్పుడు తెల్లగా ఉండి ముదిరాక పచ్చబడతాయి. రేకులు చూసి ఎవరూ పట్టుకోలేకపోయింది అందుకే.

కోసి తెచ్చినవన్నీ పారేయండి. కాడ మొదలు లేనివాటిని, లేతవాటిని విడదీసే పద్ధతి లేదు. ఒకే చోట, ఒకే రోజు, ఒకే గుంపులో రెండు జాతులు మొలవడం వింత కాదు. గుంపులో ఒకటి గుర్తిస్తే గుంపంతా గుర్తించినట్టు అనుకోవడం వల్లే చాలా విషప్రమాదాలు జరుగుతాయి. ఏరేటప్పుడే ప్రతిదాన్నీ తిప్పి అడుగు చూసి, మొదలు చూసి, తర్వాతే బుట్టలో వేయాలి. తెలియని జాతిని చూపించడానికి తీసుకుంటే దాన్ని వేరే కాగితపు సంచిలో వేరుగా పెట్టాలి. విరిగిన ముక్కలు కలిస్తే ఏది దేనిదో ఎవరూ చెప్పలేరు.

గులాబీ ప్రింట్ ఇచ్చిన మూడు టెర్మిటోమైసిస్ అయ్యే అవకాశం బాగా ఉంది. అయినా వండుకోండి అని నేను రాయను. నేను వాటిని చేత్తో పట్టుకోలేదు, కోసి చూడలేదు. ఆ జాతిని ఎన్నో వానాకాలాలు ఏరిన మనిషికో, శిలీంధ్రశాస్త్రం చదివినవాళ్లకో వేరుతో సహా, ప్రింట్ కాగితంతో సహా చూపించండి. వాళ్లు అవునంటే వచ్చేసారి మీకు సగం పని తేలికవుతుంది. చూపించే మనిషి దొరకకపోతే ఇవీ పారేయాల్సిందే, కష్టంగా ఉన్నా సరే. ఫోటోలు ఎవరికైనా పంపేటప్పుడు పైభాగం, అడుగు, మొత్తం కాడ, మొదలు, నిలువుకోత, మొలిచిన చోటు, పక్కన స్కేలు, ప్రింట్, ఇవన్నీ ఉండాలి.

బీజముద్ర:

ఇంత శ్రద్ధగా చేసినందుకు సంతోషం. వేరు, ప్రింట్ రెండూ కలిసి పలికిన తీరు చూశారుగా, ఒక్క లక్షణంతో సరిపెట్టుకోకూడదనేది ఇందుకే.

ఇల్లు మారినవాళ్లు, వేరే దేశం వెళ్లినవాళ్లు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. వరిగడ్డి మీద పెంచే వాల్వేరియెల్లా వాల్వేసియాకు కాడ మొదట్లో సంచి ఉంటుంది, ఉంగరం ఉండదు, ప్రింట్ గులాబీ. డెత్ క్యాప్‌కూ సంచి ఉంటుంది, ఉంగరం ఉంటుంది, ప్రింట్ తెలుపు. కానీ మొగ్గగా ఉన్నప్పుడు రెండూ గుడ్డులాగే ఉంటాయి, అప్పుడు ఉంగరమూ ఉండదు, ప్రింటూ పడదు. ఆసియా నుంచి ఉత్తర అమెరికాకు, ఆస్ట్రేలియాకు వలస వెళ్లినవాళ్లు తమ ఊళ్లో తిన్నదే అనుకుని డెత్ క్యాప్ తిని చనిపోయారు. 2012 జనవరిలో కాన్‌బెరాలో దాన్ని తిన్న ఇద్దరు మరణించారు. ఐరోపాకు చెందిన ఆ పుట్టగొడుగు ఓక్ లాంటి చెట్ల మొక్కల వేళ్లతో పాటు ఇతర ఖండాలకు చేరింది. ఒక ప్రాంతంలో నేర్చుకున్న గుర్తింపు ఆ ప్రాంతానికే పనికొస్తుంది. కొత్తచోట దానికి ఏ విషపు జాతి పోలి ఉంటుందో మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి.

చెట్టు మొద్దుల మీద మొలిచేవి భద్రమన్న మాట కూడా ఉంది, అదీ నమ్మొద్దు. గాలెరీనా మార్జినేటా మొద్దుల మీదే మొలుస్తుంది, చిన్నగా గోధుమరంగులో ఉంటుంది, దానిలో ఉన్నదీ అమాటాక్సినే. తుప్పు రంగు ప్రింట్ దాన్ని పట్టిస్తుంది. జపాన్‌లో ఆంఫలోటస్ జాతిని ముత్యపు చిప్ప పుట్టగొడుగు అనుకుని తిని జబ్బుపడేవాళ్లు తరచూ ఉంటారు.

అడవిబాట:

విషవైద్యం గారి సవరణ సరైనదే, ఆ వాక్యం అలా రాయకూడదు. జాతి తేలాక కూడా జాగ్రత్త ఎందుకో దానికి కొన్ని ఆధారాలు ఇస్తాను.

తినదగినవని పేరున్నవాటిలోనూ చాలావరకు పచ్చిగా తినకూడనివే. 2023లో అమెరికాలోని మోంటానాలో పచ్చివి, సరిగా ఉడకని మోరెల్ పుట్టగొడుగులు తిని 51 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు చనిపోయారు. ముక్క మధ్యదాకా ఉడకాలంటే కనీసం 15 నుంచి 20 నిమిషాలు కావాలి, పైపైన వేయిస్తే చాలదు. కాప్రినాప్సిస్ అట్రమెంటేరియా తిన్నాక మూడు రోజుల వరకూ మద్యం ముట్టుకుంటే ముఖం ఎర్రబడి, గుండెదడ, వాంతులు వస్తాయి. మద్యం లేకపోతే అదే పుట్టగొడుగు ఏమీ చేయదు.

తరతరాలుగా తింటున్నాం అన్న ధైర్యానికీ హద్దుంది. పాక్సిల్లస్ ఇన్వొల్యూటస్‌ను ఐరోపాలో చాలాకాలం తిన్నారు. కొందరిలో పదేపదే తినడం వల్ల రోగనిరోధక వ్యవస్థ ఎదురుతిరిగి ఎర్ర రక్తకణాలను చీల్చేస్తుంది. జర్మనీ శిలీంధ్రశాస్త్రవేత్త యూలియుస్ షేఫర్ 1944లో దాన్ని తినే చనిపోయారు. ట్రైకలోమా ఈక్వెస్ట్రీని వరుసగా చాలా పూటలు తిన్నవారిలో కండరాలు కరిగిపోయిన ఘటనలు ఫ్రాన్స్‌లో వెలుగుచూసి 2001లో ప్రచురితమయ్యాయి. జపాన్‌లో చాలాకాలంగా తింటున్న ప్లూరోసైబెల్లా పోరిజెన్స్ వల్ల 2004లో 17 మంది మరణించారు, వారిలో ఎక్కువమందికి అంతకుముందే మూత్రపిండాల జబ్బు ఉంది. కాబట్టి కిడ్నీ, కాలేయం బాగాలేనివారికి, గర్భిణులకు, చిన్నపిల్లలకు అడవి పుట్టగొడుగులు పెట్టకపోవడమే మంచిది. గుర్తింపు ఎంత గట్టిగా ఉన్నా సరే.

మొలిచిన చోటు కూడా చూడాలి. పుట్టగొడుగులు మట్టిలోని కాడ్మియం, పాదరసం, సీసం లాంటివి లాగి నిల్వ చేసుకుంటాయి. వాహనాలు తిరిగే రోడ్డు అంచున, చెత్త పోసిన చోట, మందు కొట్టిన గడ్డిలో మొలిచినవి మంచి జాతైనా వద్దు. ప్లాస్టిక్ సంచిలో పెడితే చెమర్చి గంటల్లో కుళ్లడం మొదలవుతుంది. మెత్తబడి వాసన మారినదాన్ని తిని జబ్బుపడితే అది విషపు జాతో, కుళ్లిన తిండో తేల్చడం వైద్యులకు కష్టమవుతుంది.

విషవైద్యం:

పొరపాటున తినేస్తే ఏం చేయాలో ఎవరూ రాయలేదు కాబట్టి అది కూడా.

అనుమానం రాగానే, లక్షణాలు రాకముందే ఆసుపత్రికి వెళ్లాలి. ఆ కూర తిన్న ప్రతి ఒక్కరూ వెళ్లాలి, బాగున్నవాళ్లు కూడా. ఇంట్లో ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించొద్దు, విరేచనాలు ఆపే మాత్ర వేయొద్దు. ఎప్పుడు తిన్నారు, మొదటి బాధ ఎప్పుడు మొదలైంది, ఈ రెండు సమయాలూ కాగితం మీద రాసుకెళ్లండి. వైద్యుడికి వాటిని మించిన సమాచారం లేదు. మిగిలిన పచ్చి పుట్టగొడుగులు, చెత్తబుట్టలో పడేసిన తొక్కలు, మిగిలిన కూర, స్పోర్ ప్రింట్ ఉంటే అదీ కాగితంలో చుట్టి తీసుకెళ్లాలి. అందుకే అడవివి వండినప్పుడల్లా ఒకటి రెండు పచ్చివి మొదలుతో సహా కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో కొన్ని రోజులు ఉంచడం అలవాటు చేసుకోవాలి.

ఆరు గంటలు దాటాక వాంతులు మొదలైతే అమాటాక్సిన్ కాదని తేలేదాకా అదేనని భావించి చికిత్స చేస్తారు. సెలైన్, యాక్టివేటెడ్ చార్‌కోల్, సిలిబినిన్, ఎన్-అసిటైల్‌సిస్టీన్ వాడతారు. కాలేయ ఎంజైములు, ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చూసే) పరీక్షలు మొదటిరోజు మామూలుగా ఉన్నా మళ్లీ మళ్లీ చేయాలి. వాంతులు తగ్గాయని మధ్యలో ఇంటికి వెళ్లిపోవద్దు.

వానచినుకు:

కోసినవన్నీ మూటగట్టి పారేశాం. గులాబీ ప్రింట్ ఇచ్చిన మూడింటిని వేరుతో సహా చూపించడానికి తీసుకెళ్తున్నాం. చివరిగా ఒక్కటి: గడ్డిలో మిగిలిన ఆకుపచ్చ రకాన్ని ముట్టుకుంటే ప్రమాదమా? అవి మళ్లీ రాకుండా ఏమైనా చేయొచ్చా?

గొడుగులనేల:

ముట్టుకుంటే ఏమీ కాదు, విషం కడుపులోకి పోతేనే. చేతులు కడుక్కుంటే చాలు. పసిపిల్లలు, కుక్కలు తిరిగే గడ్డి అయితే రోజూ ఉదయం చూసి, విచ్చుకోకముందే మొదలుతో పెకలించి మూత ఉన్న చెత్తడబ్బాలో వేయండి, బయట కుప్పగా వదలొద్దు. పూర్తిగా పోగొట్టలేం, గడ్డి కింద దారాల్లా అల్లుకున్న మైసీలియం అలాగే ఉంటుంది, మంచి వాన పడితే మళ్లీ లేస్తాయి. శిలీంధ్రనాశక మందులు కొట్టడం వల్ల పెద్దగా ఫలితం ఉండదు, పక్కనున్న టెర్మిటోమైసిస్ మాత్రం మందు తగిలి తినడానికి పనికిరాకుండా పోతుంది. ఆకుపచ్చ ప్రింట్ ఇచ్చినవి మొలిచిన చోట పుల్ల గుచ్చి గుర్తుపెట్టుకోండి. వచ్చే వానకు అక్కడే చుట్టుపక్కల వస్తాయి. అలాగని పుల్ల లేని చోట మొలిచినవాటికి పరీక్ష మానేయొద్దు, ప్రతిదానికీ మొదలు, ప్రింట్ మళ్లీ చూడాల్సిందే.